నిద్రపోని కంప్యూటర్

అసువా,
ఆగస్టు నెల, చివరి సోమవారం పొద్దున.

తమ్ముడు అన్సెల్మోకి,

మరియమ్మ తల్లి నిన్ను తన కొంగు చాటున కాపాడాలని కోరుతూ అక్క రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగున్నాం. అమ్మ కాఫీ తాగి వసారాలో కూర్చుంది. నీ ఒంట్లో కూడా బాగుందని తలుస్తాను. ఫాదర్ ఫౌస్తీనో గురువారం ఖైదీల పూజకి అక్కడికి వస్తున్నారు కనుక ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. మధ్యలో తెరిచి చదివేవాళ్ళకి కూడా నా నమస్కారం. వాళ్ళకి ఇందులో చాలావరకు కంప్యూటర్ గొడవే దొరుకుతుంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. బాటరీల మూతలు తీసి చూశాను. నీళ్ళు అంత తగ్గలేదు, అయినా పోశాను. పంపు నీళ్ళు కాదు, నువ్వు చెప్పిన మందుల షాపు నీళ్ళే. అమ్మకి పగటి పూట దగ్గు తక్కువ. రాత్రి గాలి యంత్రం గొట్టం ముక్కు నుంచి జారితే మాత్రం పెదాలు నల్లబడుతున్నాయి. ఆవిడ ఊపిరితిత్తుల్ని బొగ్గుల పొయ్యి తినేసిందని క్లినిక్ డాక్టరమ్మ అంటుంది. మనిద్దరినీ పెంచిన పొయ్యి అది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

నీ సంగతి అమ్మకి తెలిసిందా అని అడిగావు. దానికి చివర రాస్తాను. ముందు కంప్యూటర్ సంగతి.

పోలీసులు నిన్ను బండి ఎక్కించే ముందు నువ్వు నాతో చెప్పింది ఒక్కటే మాట. "అక్కా, దాన్ని పూర్తిగా ఆపెయ్యకు. లోపలి పవర్ సప్లై ముసలిదైపోయింది, ఆపితే మళ్ళీ లేవదు. నిద్రపుచ్చు, చాలు." అలాంటప్పుడు మనుషులు ఏవేవో చెబుతారు. నువ్వు కంప్యూటర్ గురించి చెప్పావు. ఆ మాట నేను తప్పలేదు. గుడి బాప్తిస్మాల రిజిస్టర్లు టైపు చేసి, ప్రింటు తీసి, పని అయ్యాక రోజూ నిద్రపుచ్చే పడుకున్నాను.

కరెంటు పద్ధతి నీకు తెలిసిందే. పొద్దుగూకగానే పోతుంది, తెల్లవారాక దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు వీధి వీధంతా "కరెంటొచ్చింది" అని కేకలు. పోయినప్పుడు ఎవరూ ఏమీ అనరు. ఆ మధ్య కాలమంతా అమ్మ ఊపిరి ఇన్వర్టర్ బాటరీల మీదే ఆధారం. మొన్న మొన్నటి దాకా అవి సరిపోయేవి. జూన్ చివర్లో ఒకరోజు తెల్లవారకముందే బాటరీల బలం తగ్గి, ఎక్కువ కరెంటు లాగే గాలి యంత్రం ముందుగా ఈల వేసి ఆగిపోయింది. నేను అట్టముక్కతో విసురుతూ ఉండిపోయాను. పక్కింటి కొట్టు బియన్వె పరిగెత్తిపోయి క్లినిక్ నుంచి చిన్న సిలిండర్ మోసుకొచ్చాడు. ఈ సంగతి నీకు అప్పుడు రాయలేదు. రాసినా నువ్వు అక్కడినుంచి చేసేది ఏముంది.

అమ్మ కుదుటపడ్డాక బియన్వె గదిలోకి తొంగి చూశాడు.

"ఏంటక్కా, ఆవిడ ఊపిరి ఆగిపోతుంటే నీ కంప్యూటర్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. రాత్రంతా సినిమాలు చూశావా?"

"నిద్రపుచ్చే పడుకున్నానయ్యా."

"నిద్రపోయే మొహమేనా ఇది? దయ్యం పట్టింది దీనికి. గుడి నీళ్ళు తెచ్చి చల్లు."

"కరెంటు వస్తువు మీద నీళ్ళు చల్లితే పోయేది దయ్యం కాదు, నేను."

అందుకే నీకు రాశాను, కంప్యూటర్ రాత్రిళ్ళు మేలుకుని బాటరీలు తాగేస్తోందని. నువ్వు తెర మీది ఆ నల్ల కిటికీ తెరిచి అందులో కొట్టవలసిన ఆజ్ఞ రాసి పంపావు. కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కంప్యూటరే రిపోర్టు రాసి ఇస్తుందన్నావు. మొదటిసారి కొడితే నీకు ఆ అధికారం లేదు పొమ్మంది. యజమాని పేరుతో తెరవాలని నువ్వు మళ్ళీ రాసి, పాస్‌వర్డ్ కూడా పంపావు. అది కొట్టబోతూ చూశాను, అమ్మ పుట్టింటి ముద్దుపేరు. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. రెండోసారి రిపోర్టు తయారైంది కాని దాన్ని దాచుకోవడానికి ఆ చోట వీల్లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. నువ్వు చెప్పినట్టు నా ఫోల్డర్ పేరు చేర్చి కొడితే మూడోసారికి దారికొచ్చింది. అది ఒక నిమిషం పాటు అన్నీ గమనిస్తుంది, అప్పుడు మౌస్ కూడా ముట్టుకోకూడదు అన్నావు. ఒక పరలోక జపం, రెండు మరియమ్మ జపాలు చెప్పుకునేసరికి ఆ నిమిషం అయిపోయింది.

ఎర్రగా వచ్చినవాటిని నీకు రాసి పంపాను కదా. తెర ఆరడానికి గడువు పెట్టలేదని ఒకటి, నిద్రకి గడువు పెట్టలేదని ఒకటి, ప్రింటర్ తీగ విశ్రాంతి తీసుకోవడం లేదని ఒకటి. అన్నీ నువ్వు చెప్పినట్టు సరిచేశాను. మళ్ళీ రిపోర్టు తీస్తే ఎరుపు లేదు. ఆ వారం దేవుడికి కృతజ్ఞత కూడా చెప్పుకున్నాను. అయినా తెల్లవారేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉండేది, ఇన్వర్టర్ దీపం పసుపు పచ్చగా మారేది.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన మాట దారి చూపింది. ఆ రిపోర్టు తాను చూసిన ఒక్క నిమిషం సంగతే చెబుతుంది, పగలు అడిగితే పగటి సంగతే చెబుతుంది, అది మేలుకుని ఉన్న వేళే అడుగు అన్నావు. బుధవారం తెల్లవారుజామున ప్రార్థనకి లేవగానే అదే పని చేశాను. అమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. నల్ల కిటికీ తెరిచి, నిన్ను నిద్రపోనివ్వనిది ఎవరని అడగడానికి నువ్వు ఆ ఉత్తరంలోనే పంపిన రెండో ఆజ్ఞ కొట్టాను. జవాబు వచ్చింది. శబ్దం నడుస్తోందట.

గదిలో గాలి యంత్రం చప్పుడు తప్ప ఏ శబ్దమూ లేదు. తెర అడుగున పాటల పెట్టె ముడుచుకుని ఉంటే తెరిచాను. ఒకే ఒక్క ఫైలు, అయిపోగానే మళ్ళీ మొదలవుతోంది. దాని పేరు "పరీక్ష". స్పీకర్ గుండీ పూర్తిగా కిందికి తిప్పేసి ఉంది. కాస్త పైకి తిప్పాను.

"పరీక్ష, పరీక్ష. అమ్మా, వినబడుతోందా? గిన్నె గీకేయకు, వస్తున్నా. అన్నం అడుగు మాడు నాకే. ఫ్రేదా అక్కకి పెట్టావో, చూస్కో మరి."

బాగుచేసిన స్పీకర్లని నువ్వు అలా పరీక్షించేవాడివి. నేను మర్చిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి.

"అమ్మా, ఇది నువ్వు పెట్టావా?"

"పెట్టాను. నువ్వు పడుకున్నాక దాన్ని లేపుతాను. తెర మీది ఆ గిన్నె బొమ్మ మీద నొక్కితే చాలని వాడే నేర్పాడు."

"గొంతే బయటికి రానప్పుడు ఎందుకమ్మా?"

"నేను వినాలని కాదే. వాడు ఇంట్లో మాట్లాడుతూ ఉండాలని. గట్టిగా పెడితే నువ్వు లేస్తావు. లేచి ఏడుస్తావు."

"నేనెందుకు ఏడుస్తాను? వాడు కురసావ్‌లో, ఆ దీవి ఓడరేవు పనిలో బాగానే ఉన్నాడుగా."

అమ్మ గొట్టం సర్దుకుంది. మాట రావడానికి ఆవిడకి కొంచెం వ్యవధి కావాలి.

"ఇంకెన్నాళ్ళు చెబుతావే పిల్లా ఆ కురసావ్? నీకే విసుగు రావడం లేదా?"

అమ్మే చెప్పుకుపోయింది. "ధ్యానకూటానికి పోతున్నానని బస్సెక్కుతావు. నీ జపమాల చూస్తే ఇక్కడ మేకుకి వేలాడుతుంటుంది. పెరట్లో కోళ్ళకి గింజలు వెయ్యడానికి కూడా అది లేకుండా పోవు నువ్వు. జపమాల ఇంట్లో పెట్టి ధ్యానానికి పోయే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు. మీ బాబాయిని లోపల వేసినప్పుడు నేనూ వెళ్ళానమ్మా. గేటు దగ్గర గొలుసులు, పూసలు అన్నీ తీయిస్తారు."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"అంత కష్టపడి అబద్ధం చెబుతుంటివి. కాదంటే ఏం బాగుంటుంది?"

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి ఇదే జవాబు. అమ్మకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. అమ్మకి చెప్పనని నీకిచ్చిన మాట నేను తప్పలేదు, కాని దానివల్ల ఎవరికీ మేలు జరగలేదు. నిన్ను పట్టుకెళ్ళిన కేసులో నువ్వు కొన్నది దొంగ సరుకని తెలిసి కొన్నావో తెలియక కొన్నావో నేను నిన్ను అడగలేదు. అమ్మ కూడా అడగలేదు. వాడికి అక్కడ తిండి ఎవరు వండుతారని మాత్రం అడిగింది.

తర్వాత నేను ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అమ్మా, ఇది తిరిగినంతసేపూ బాటరీ అయిపోతుంది. నీకు గాలి అందకుండా పోయింది దీనివల్లే."

అమ్మ మళ్ళీ ఒకసారి వినిపించమంది. నేను గుండీ ఇంకొంచెం పైకి తిప్పాను. నీ గొంతు ఇల్లంతా పాకింది. గోడ అవతల బియన్వె పెళ్ళాం గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"సరే, ఆపు," అంది అమ్మ. "ఆపి, నన్ను అసలువాడి దగ్గరికి తీసుకుపో."

నేను డాక్టరమ్మ ఏమంటుందోనని నసిగాను.

"ఆవిడకి నా ఊపిరి సంగతి తెలుసు. నా కొడుకు సంగతి ఆవిడకేం తెలుసు?"

ఉత్తరం మొదట్లో అందరం బాగున్నామని రాశాను. అలా రాయడం మనకి అలవాటు. ఇక నీ దగ్గర దాచింది చెబుతాను. తుఫానుల కాలం దాటేదాకా అమ్మ ఉంటుందని చెప్పలేనని డాక్టరమ్మ జూలైలోనే అంది. నీకు అది లోపల మోయడం కష్టమని ఆపాను. ఇప్పుడు వెళ్ళి ప్రయాణం సంగతి అడిగితే, దారిలో ఎండకి ఏమైనా కావచ్చు, నేనైతే పంపను అంది. బాధ్యత నాదని సంతకం పెట్టి వచ్చాను. రాత్రంతా మోకాళ్ళ మీద ఉండి అడిగాను, ఇది సరైనదేనా అని. నాకు జవాబుగా ఏ మాటా రాలేదు. తెల్లవారి అమ్మ లేచి నీ చొక్కాలు ఎక్కడున్నాయని అడిగింది. దాన్నే జవాబు అనుకున్నాను.

సెప్టెంబరు మొదటి ఆదివారం వస్తాం. బియన్వె తన సరుకుల బండిలో పరుపు వేసి తీసుకొస్తానన్నాడు. డబ్బు ప్రస్తావన తెస్తే, "మీ తమ్ముడు నా ఫ్రిజ్జు ఎన్నిసార్లు ఊరికే బాగుచేశాడో లెక్క తీద్దామా అక్కా?" అని నోరు మూయించాడు. రెండు సిలిండర్లు వెంట ఉంటాయి. నువ్వు వద్దని రాసినా ఆ ఉత్తరం మేము బయల్దేరాకే అందుతుంది, కనుక రాయకు. గడ్డం గీసుకో. ఏడ్చేది ఉంటే ముందే ఏడ్చేయి. అమ్మ ఎదుట ఏడవకు. నువ్వు ఏడిస్తే ఆవిడా ఏడుస్తుంది, ఏడిస్తే ఊపిరి అందదు. అమ్మ చిక్కుడు గింజల అన్నం తనే వండుతానంటోంది. మంట దగ్గర నేనుంటాను, గరిటె ఆవిడది. గిన్నె మాత్రం గీకకుండా మూతపెట్టి తెస్తాం.

కంప్యూటర్ ఇప్పుడు సరిగా నిద్రపోతోంది. నిన్న తెల్లవారుజామున మళ్ళీ అడిగాను, మేలుకొలిపేవాళ్ళు ఎవరూ లేరంది. బాటరీల్లో సగానికి పైగా మిగిలింది. ఆ ఫైలు తీసెయ్యలేదు. సాయంత్రం కరెంటు పోకముందు అమ్మ ఒక్కసారి నొక్కి వింటుంది. అప్పుడు గుండీ పైకే ఉంటుంది.

ఇంకో సంగతి ఫాదర్‌ని అడిగి ఉంచు. మూడు రోజులుగా అమ్మ తెల్ల దారం తీసుకుని జపమాలకి ముడులు వేస్తోంది. ఇనుము లేదు, పూస లేదు, సిలువ కూడా దారమే. ఒకటి నాకట, ఒకటి నీకట. మధ్యమధ్య ఆయాసం వచ్చి ఆగుతుంది, ఎన్ని ముడులు వేసిందో మర్చిపోయి మొదటినుంచీ తడుముకుంటుంది. నేను సాయం చేస్తానంటే ఇవ్వదు. "ఇది గేటు దగ్గర ఎవరూ తీయించరు, ఈసారి నువ్వు మేకుకి వేసి రానక్కర్లేదు," అంటుంది. తీయించరు కదా?

ఇట్లు,
నీ కోసం రోజూ చేతులు జోడించే
పెద్దక్క ఫ్రేదా