కథలో లేని అక్క

మద్రాసు నుంచి

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు, ఈ ఉత్తరం చదివి వినిపించే బావకు తమ్ముడు దేవదానం వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను క్షేమం. నీ కంటి పొర ఎట్లా ఉంది? దొరసాని ఆసుపత్రికి పోయినావా, లేక ఇంకా నందివర్ధనం పూల రసమే పోసుకుంటున్నావా? ఎండలో కలుపు పనికి పోవద్దని బావ చెబితే వినాలి.

ఇక్కడ అచ్చాఫీసులో పని బాగానే ఉంది. సీసం అక్షరాలు ఏరి ఏరి వేళ్ళు నల్లబడ్డాయి, అంతే. ఎండకు మనమెప్పుడూ భయపడలేదు గాని, ఇక్కడి ఉక్కకు ప్రాణం విసిగిపోతోంది. మూడు పూటలా అన్నమే. జొన్నరొట్టె మొహం చూసి ఎన్నాళ్ళయిందో! ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చెనిక్కాయల పొడి పంపు. ఒళ్ళు బాగానే ఉంది, దిగులు పడవద్దు. మనసే బాగాలేదు. అందుకే పోయిన ఉత్తరంలో పని మానుకొని వచ్చేస్తానని రాశాను.

ఇప్పుడు ఇంకొక తికమక వచ్చిపడింది. అమ్మ పోయిన ఏడు నువ్వు మిషను బడి నుంచి పుస్తకం తెచ్చి చదివి వినిపించిన కథ గుర్తుందా? కరువులో ఊరు ఖాళీ అయితే, కుంటి గొర్రెపిల్లను భుజాన వేసుకొని ఏటిదాకా నడిచిపోయే పిల్లవాడి కథ. దాన్ని సినిమా తీశారు. ఆదివారం గుడి అయినాక, మా అచ్చాఫీసులోనే పనిచేసే ఆదోని మస్తాను నన్ను తీసుకుపోయాడు.

ఏం చెప్పమంటావు! కరువు సీమ అంటారు, వెనకాల చూస్తే కొబ్బరిచెట్లు. కుంటి గొర్రెపిల్ల బదులు బాగా మేసిన ఆవుదూడ. దప్పికతో నాలుక పిడచకట్టిన పిల్లవాడు ఆగి ఆగి పాటలు పాడతాడు! అవన్నీ ఓర్చుకున్నాను. నువ్వు చదివిన కథలో పిల్లవాడి వెంట నడిచే అక్క ఎప్పుడు వస్తుందా అని చూస్తూనే ఉన్నాను. రాలేదు. పిల్లవాడు ఒంటరిగానే ఏరు చేరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

“ఏమప్పా, సినిమా చూస్తాండావా, ఎవర్నన్నా ఎతుకుతాండావా?” అన్నాడు మస్తాను.

“వాళ్ళక్క యాడబ్బా? అక్కను తీసేసినారే!”

“ఏ అక్కప్పా? నేనూ బళ్ళో చదివినా ఆ పుస్తకం. అక్క లేదు, గిక్క లేదు.”

నాకు శానా కోపమొచ్చింది. మరునాడు వాడే ఎక్కడినుంచో పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట మీద అప్పుడు నువ్వు తెచ్చిన పుస్తకం మీదున్న బొమ్మే. గొర్రెపిల్ల ఉంది, కుంటికాలు ఉంది, ఏరు ఉంది. అక్క లేదు. మధ్యలో పేజీలు చిరిగిపోయాయేమోనని అంకెలు కూడా చూశాను. అన్నీ ఉన్నాయి.

మరి నాకు తెలిసిన ఆ అక్క ఎవరు? రొట్టెలో పెద్దముక్క తమ్ముడికి పెట్టి, తనకు ఆకలి లేదనేది. వాడి కాళ్ళు బొబ్బలెక్కితే చంకనెత్తుకునేది. కథలో మిగతావాళ్ళంతా పుస్తకం భాష మాట్లాడితే, ఆమె ఒక్కతే “నేనుండా గదరా, ఏడవాకు” అనేది. అప్పుడు నాకు అనుమానమే రాలేదు. నువ్వు పేజీ మీద నుంచి కన్ను తీయకుండానే చదివేదానివి.

అక్కా, ఆమెను నువ్వే పెట్టినావా? పిల్లవాడు ఒంటరిగా పోతున్నాడని నేను ఏడ్చానా? నాకేమీ గుర్తు రావడం లేదు. పుస్తకం ఒకటి చెబుతుంది, సినిమా ఇంకొకటి చెబుతుంది, నాకేమో నువ్వు చదివిందే నిజమనిపిస్తుంది. ఇన్నేళ్ళూ భయం వేసినప్పుడల్లా ఆమె మాటే తలచుకున్నాను. మద్రాసు రైలెక్కిన రోజు కూడా. పుస్తకంలో ఉండి ఉంటే ఆమె చదివినవాళ్ళందరికీ అక్క. నువ్వు పెట్టినదయితే నాకొక్కడికే. అట్లయితే నేను ఈ ఊళ్ళో ఇంకొన్నాళ్ళు ఉండగలను. బావ చేత ఒక్క ముక్క రాయించు. దానికోసమే కాచుకొని ఉంటాను.

పెద్దలందరికీ నా వందనాలు, పిల్లలకు దీవెనలు. గుడిలో నా పేరు తలచుకొని ప్రార్థన చేయమని అయ్యగారికి చెప్పండి.

బావా, మీకొక మనవి. అక్క ఏడ్చినా చదవడం ఆపవద్దు, ఒక్క మాటా వదలవద్దు. నాకు రాయడం చేతకాక మిగిలిపోయింది ఏదైనా ఉంటే, ఇందులో ఉన్నట్టే కలిపి చదవండి.

మీ తమ్ముడు,
దేవదానం