గాజుతొట్టిలో అలంకారం

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేను, మీ ఆయన, నువ్వు నాకప్పగించిన పూలకుండీలు అందరం క్షేమం. మనవరాలు రాత్రిళ్ళు నిద్రపోనిస్తోందా?

మీ ఆయన అక్షరాలు వంకరపోయాయేమని అడిగావు. స్నానాలగదిలో జారిపడ్డానని వారు రాసినది సంపూర్ణ అసత్యం.

నీకు తెలిసిందేగా, మా ప్రదర్శనశాలకు వారు అధికారి, నేను చేపల తొట్లు చూసుకునేవాణ్ణి. పెద్ద తొట్టిలో చేపలు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. వారు తామే ఏకసభ్య విచారణ సంఘంగా ఏర్పడి, సందర్శకులందరూ వినేలా ప్రశ్నించారు: "ఏం బావా, వేయించుకున్నావా, కూర చేసుకున్నావా?"

బుద్ధెరిగాక చేప నోట పెట్టని మనిషిని నేను!

ఒకరోజు తలుపులు తెరవకముందే దొంగను కళ్ళారా చూశాను. తొట్టికి అలంకారమని వారే కొనితెచ్చిన శంకువులాంటి గవ్వ, గోధుమరంగు వల అల్లినట్టు ఎంత ముద్దుగా ఉండేదని! ఉత్త డొల్ల అని వారూ, వారి మాట నమ్మి నేనూ అనుకున్నాం. అది ఇసుకలోంచి గొట్టం చాచి సూదిలాంటి పన్ను విసిరింది. చేప కొయ్యబారింది. ఆ గవ్వే గరాటులా నోరు తెరిచి దాన్ని అమాంతం మింగేసింది. అది శంకునత్త. దాని విషం మనిషినీ బతకనివ్వదట, విరుగుడూ లేదట.

విన్నవించాను. "నత్త చేపను పట్టిందా? పరుగెత్తా, ఎగిరా?" అని పగలబడి నవ్వి, నా అబద్ధం రుజువు చేయడానికి నలుగురినీ పిలిచి, చొక్కా మడిచి, కుడిచేతిని ఆ గవ్వ పక్కనే తొట్టిలో పెట్టారు.

"బావా, చెయ్యి తియ్యి!" అని అరిచాను.

తియ్యలేదు. ఇంతసేపూ నీకు చెప్పలేకపోయింది ఇదే. వల కర్రతో వారి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగింది. భయంతోనే కొట్టాను చెల్లీ. కోపం కూడా కాస్త కలిసింది, కాదనను. వారి చెయ్యి అంతదాకా ఉన్న చోటనే ఆ గొట్టం తడుముకుంటూ అందరికీ కనబడింది.

చేపల నేరం కొట్టేశారు. అధికారి మీద చేయిచేసుకున్నందుకు సస్పెన్షన్ ఉత్తర్వు మాత్రం సిద్ధమైంది. కుడిచెయ్యి కట్టులో ఉందని దాన్నీ నాచేతే రాయించారు! నీకు ఉత్తరం రాయడానికి ఎడమచెయ్యి పనికొచ్చింది, ఉత్తర్వు మీద సంతకానికి పనికిరాదట. కట్టు విప్పాక పెడతారట. అందాకా వారి చొక్కా గుండీలు పెట్టేది నేను, అన్నం కలిపిచ్చేది నేను. ఇదేం న్యాయం?

నిన్న డాక్టరు వచ్చి, ఎముక అతుక్కుంది, విప్పేద్దామన్నాడు.

"ఇంకా నొప్పిగా ఉందండీ, ఉండనివ్వండి" అన్నారు మీ ఆయన, అదే చేతి వేళ్ళతో బల్లమీద తాళం వేస్తూ.

ఇట్లు,
నేటికీ ఉద్యోగంలోనే ఉన్న
నీ అన్నయ్య