తుండుగుడ్డ కింద ధర

18 జనవరి 1957, కర్నూలు

రాజధాని హైదరాబాదుకు తరలి మూడో నెల. మా వీధిలో మరో రెండిళ్ళకు తాళాలు. ఎడిటరు తంతి: కర్నూలు మాంద్యానికి కారణమేమి, ఎప్పుడు తీరుతుంది, వ్యాసం పంపు. ఒక్క పూట పని.

20 జనవరి

ఒక్క పూట పని కాదు. ఆఫీసులు పోయాయి, నిజమే. కానీ బట్టల శెట్టి గిరాకీ అంతా పల్లెలవాళ్ళు. పంట బాగానే పండింది. అయినా కొట్టు ఖాళీ. "జనం కొనరప్పా, నేను సరుకెందుకు తేవల్ల?" జనాన్ని అడిగితే... "రేపెట్లుంటాదో ఏమో. చేతిలోది చేతిలోనే ఉండనీ."

21 జనవరి

కల్లూరులో సగం లేచిన మిద్దె. పని ఆపేశాడు కాంట్రాక్టరు రెడ్డి. "అద్దెకొచ్చేవాడు యాడప్పా?" పని లేక మేస్త్రీ పండక్కి గుడ్డలు తీయలేదు. గుడ్డలు అమ్ముడుపోక శెట్టి ఆ మిద్దెలోకి అద్దెకు మారే ఆలోచన మానుకున్నాడు. చుట్టూ తిరిగి మళ్ళీ మిద్దె దగ్గరికే వచ్చాను. మొదలెక్కడ?

23 జనవరి

మద్దిలేటి. మా ఇంటికి బేతంచెర్ల బండలు తోలింది అతని బండే. ఇప్పుడు బాడుగల్లేవు. మేత కొనలేక ఎద్దుల్ని నందికొట్కూరు సంతలో అమ్మేస్తాడట.

"రేపు పనొస్తే బండి ఎవరు లాగుతారు?"

"ఎప్పుడొస్తాదో పేపరోనివి, నీకే తెల్దు. ఎద్దులకేం తెలుసప్పా? అవి ఈ పొద్దే మేత అడుగుతాండాయి."

సంత 28న అట. నేనూ వెళ్ళాలి.

27 జనవరి

కాఫీ హోటల్లో రెడ్డి గుమాస్తా: "మిద్దె మళ్ళా మొదలుపెడ్తాడంట మా రెడ్డి." ఎవరన్నారు? "అంటాండారు." రెడ్డి ఊళ్ళో లేడు. ధ్రువపడని మాట, వార్త కాదు. రాయలేదు. రాస్తే శెట్టి చదివి సరుకు తెప్పిస్తాడేమో, సరుకొస్తే... అప్పుడది నిజమవుతుందా? నిజమైతేనే కదా రాయాలి. తల తిరుగుతోంది.

28 జనవరి, నందికొట్కూరు సంత

పెన్సిలుతో, నిలబడే రాస్తున్నాను. దళారి మద్దిలేటి చేతి మీద తుండుగుడ్డ కప్పాడు. ఇక్కడ ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు, పక్కవాడికి తెలియదు. పొద్దుటినుంచి గుడ్డ కిందికి ఏ చెయ్యీ రాలేదు. ఇప్పుడొకటి దూరింది.

మద్దిలేటి నా వైపు తిరిగాడు. "ఏమప్పా, పట్నంలో ఏమన్నా కబురుండాదా?"

ఉంది. రెడ్డి మిద్దె మొదలైతే బండలు తోలే పని. ధ్రువపడలేదు.

నోరు తెరిచాను. "ఊరుకోప్పా, బేరం చెడతాది!" దళారి కసిరాడు.

మద్దిలేటి ఇంకా నన్నే చూస్తున్నాడు. గుడ్డ కదులుతోంది...