చప్పిడి బీరకాయ కూర

ఉండి గ్రామం,

అక్కయ్యకు కామేశం నమస్కారాలు. ఫోనులో చెప్పలేక కార్డు రాస్తున్నాను. నా బీపీ తగ్గింది, కంగారుపడకు. ఉప్పు మాత్రం మానేయమన్నారు.

పోయేముందు బావగారిచ్చిన విత్తనాలతో పెట్టిన బీరపాదు ఈ వేసవిలో విరగకాసింది. నిన్న లేతకాయలు కోసి నీ మరదలు చప్పిడిగా వండింది. ఎంత తియ్యగా ఉందో! తింటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉప్పు మానేసిన మూడేళ్లూ ఆయన ఆ కూరే తింటుంటే, పక్కనే ఆవకాయ కలుపుకుంటూ "గడ్డి ఎలా తింటున్నారండీ" అని వెక్కిరించాను. "కోసిన పూటే వండితే ఉప్పెందుకయ్యా, ఒక్క ముద్ద తిని చూడు" అనేవారు. ఒక్కనాడూ తినలేదు.

నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? ఆ కూర తాలింపులో ఏం వేసేదానివో రాయి. పిల్లలకు ఆశీస్సులు. ఆదివారం వస్తున్నాను. ఎప్పటిలా నాకు వేరే గిన్నెలో ఉప్పేసి వండకు. ఆయనకి వండినట్టే వండు.