ఫ్రీజర్ మంచు

పైన్ బే, మిన్నెసోటా
డిసెంబరు 9

చిరంజీవి జోలీన్‌కు అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నా మోకాళ్లూ ఎప్పటిలాగే పోట్లాడుకుంటూ క్షేమంగా ఉన్నాం.

ముందుగా ఒక సవరణ. మన ఒజిబ్వే తెగ భాష నేర్పే ఆన్‌లైన్ క్లాసు కర్టిస్ మానేశాడని రాశావు. మానెయ్యలేదు, నేనే పంపేశాను. ముప్పై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఆ రెంటికీ తేడా తెలుసు.

నవంబరు మొదటి శనివారం క్లాసులో మన చలికాలపు కథలు మొదలుపెట్టాను. నేల మీద మంచుంటేనే ఆ కథలు నోరు విప్పాలి కనుక, ఎవరి వాకిట్లో మంచు వాళ్లు చూపించాలన్నాను. థండర్ బే ఊరినుంచి చేరిన అక్కచెల్లెళ్లు కెమెరా తిప్పి చూపించారు. మిగతావాళ్లూ అంతే. కర్టిస్ ఉండేది ఎడారి ఊరు ఫీనిక్స్‌లో, చేసేది ఏసీల రిపేరు. ఫ్రీజర్ గోకి, ఆ మంచు పళ్లెంలో పోసి నేల మీద పెట్టాడు. మంచూ నేల మీదే ఉంది, నేనూ నేల మీదే ఉన్నాను, ఇక కానివ్వు అమ్మమ్మా అన్నాడు. అందరూ నవ్వారు. మన కథలు నీ ఐస్‌క్రీము పక్కన పడుకునేవి కావు, మంచు పడే ఊరు చూసుకున్నాక రా అని చెప్పి బటను నొక్కాను. బళ్లో అయితే తలుపు దాకా నడవాల్సి వచ్చేది, ఈలోపు కోపం కాస్త తగ్గేది.

తొమ్మిదిమందిలో ఇప్పుడు నలుగురు వస్తున్నారు. ఇదివరకు రానివాళ్లకు వారం వారం ఫోన్ చేసి, ఏం తిన్నారో మన భాషలో చెప్పేదాకా వదలనిది కర్టిసేనట. అక్కచెల్లెళ్లలో పెద్దది నిన్న చెప్పింది, కాస్త ఘాటుగానే. ఆరుగురు లేకపోతే జనవరిలో మీ కాలేజీ క్లాసు ఎత్తేస్తుందన్నావు. కథలు రికార్డు చేసి అందరికీ పంపుదామన్న నీ ఉపాయం కుదరదు. ఎవడో ఒకడు జులైలో పెట్టుకు వింటాడు.

మీ అమ్మమ్మ,
అడెలైన్

తాజా కలం: ఆ శనివారం నా వాకిట్లో మంచు లేదు. గోధుమరంగు గడ్డి తప్ప ఏమీ లేదు. క్రియాపదాలతో విసిగి పిల్లలు జారిపోతున్నారని భయపడి, కిటికీ తెర దించి కథ చెప్పాను. ఇక్కడ మంచు పడింది ఆ తర్వాతి బుధవారం. నన్ను చూపించమని ఎవరూ అడగలేదు, పెద్దవాళ్లను అడగరు కదా. కర్టిస్ కనీసం ఫ్రీజరైనా గోకాడు.

మన ఆచారంలో ఏదైనా కోరేవాళ్లు ముందు పొగాకు ఇవ్వాలి. ఈసారి కోరేదాన్ని నేను. ఎర్ర గుడ్డలో చిటికెడు కట్టి ఈ కవరులో పెట్టాను. కర్టిస్ చిరునామా నీ రిజిస్టరులో ఉంటుంది. చిన్న అట్టపెట్టెలో పెట్టి, శనివారం క్లాసు లోపు చేరేలా పోస్టు చెయ్యి. ఈ తాజా కలం వేరే కాగితం మీద రాశాను, అదీ అందులో పెట్టు. పంపినవారి పేరు దగ్గర కాలేజీది వద్దు, నాది రాయి.