మట్టిగోడకు సిమెంటు

తమ్ముడికి అక్క దీవెనలు. ఇద్దరం ప్రాణాలతోనే ఉన్నాం, కంగారుపడకు.

రిటైరయ్యాక ఈ పరాయి దేశంలోనే ఉండిపోదామని మీ బావ పల్లెలో పాత ఇల్లు కొన్నాడు కదా, దాని పడకగది గోడ మొన్నటి వానకు కూలింది. మట్టితో పేర్చిన రాతిగోడకు సిమెంటు పూశాడు. చెమ్మ బయటికి పోయే దారిలేక గోడ లోపలే నాని ఉబ్బింది. సున్నం పూయమని నెత్తీనోరూ బాదుకున్నాను. “నలభై ఏళ్లు మేస్త్రీపని చేశాను, నువ్వా నాకు చెప్పేది?” అన్నాడు. నాన్న సున్నం గానుగ పక్కన పెరిగినదాన్ని. చదువు రాకపోతే సున్నం కూడా తెలియదా నాకు?

ఇప్పుడు వంటింట్లో పడుకుంటున్నాం. ఆయన తాపీ ముట్టడం లేదు, ముద్ద మింగడం లేదు. పొద్దస్తమానం ఆ రాళ్లకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. నాకు భయంగా ఉంది.

నాన్నతో గానుగ తిప్పిన బాబాయినడిగి, సున్నం ఎన్నాళ్లు నానాలో, ఇసుక ఎంత కలపాలో వెంటనే రాయి. బాబాయి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఈ కార్డు ఇక్కడ కొట్టు నడిపే మన తెలుగావిడ చేత రాయిస్తున్నాను. నీ జవాబు మాత్రం మీ బావే చదివి వినిపిస్తాడు. నేనడిగానని రాయకు. నీ ఇంటికే సున్నం వేయిస్తున్నట్టు రాసి, “ఈ పాళ్లు సరిపోతాయా బావా, మీరే చెప్పాలి” అని అడుగు. అలాగైనా లేస్తాడేమో.

నీ పిల్లలు చల్లగా ఉండాలి.

అక్క