అది వేరు అనుకున్నాను

జూన్ 4

రేపు అక్కకు కంటి ఆపరేషన్. అయ్యాక పది రోజులు కూతురింట్లో ఉంటుంది. ఈలోగా ఆర్కిడ్లకు నీళ్లు కొట్టే డ్యూటీ నాది. కుండీల్లేవు, మట్టి లేదు. చెక్కముక్కలకు కట్టి బాల్కనీ నిండా వేలాడదీసింది. అడవిలో చెట్ల కొమ్మల మీదే బతుకుతాయట, అయినా చెట్టు రసం పీల్చవట. ఆ సంగతి చెప్పేటప్పుడు అక్క ముఖం వెలిగిపోతుంది. నా టైలరింగ్ షాపు గురించి ఎప్పుడైనా అడిగిందా? లేదు.

జూన్ 7, ఉదయం 7

ఆర్కిడ్ల వేళ్లు వెండి రంగులో ఉంటాయి. స్ప్రే పడగానే పచ్చబడతాయి. అన్నిటికీ కొట్టేశాక కూడా అక్కడే నిలబడిపోయాను. షాపు తెరవడం అరగంట లేటు. నాకేమైంది?

జూన్ 9

మూలనున్న మొక్కలోంచి ఒక వేరు వంకరగా పైకి పొడుచుకొచ్చింది. వేలాడే దారం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. కత్తిరించేశాను.

జూన్ 9, సాయంత్రం

అనుమానమొచ్చి నర్సరీ ఆయనకు ఫోటో పంపాను. ఆయన ఫోన్ చేశాడు. అది వేరు కాదట. పూలకాడట. ఏడేళ్లుగా ఆ మొక్క ఎందుకు పూయడం లేదని అక్క నెలనెలా ఆయన్ని అడుగుతూనే ఉందట. మళ్లీ అతికించొచ్చా అని అడిగాను, కుట్టు వేసినట్టు. ఆయన నవ్వలేదు.

జూన్ 10

అన్నం దిగలేదు.

జూన్ 15

అక్క వచ్చింది. కంటికి ఇంకా కట్టుంది. చెప్పులైనా విప్పకుండా బాల్కనీలోకి నడిచింది. ఆ మూల మొక్కను వేలితో తడిమింది. తెగినచోట వేలు ఆగింది.

"ఏదే?" అంది.

అంతా చెప్పేశాను, ఏడుస్తూ, ముక్కు చీదుతూ. అరుస్తుందనుకున్నాను. వెళ్లేముందే చూసిందట, అప్పటికి గోరంత ఉందట. "పూశాక నిన్ను పిలిచి చూపిద్దామని చెప్పలేదే" అంది. తర్వాత మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు. తెలిసే కోశావా?"

లేదన్నాను. పదహారేళ్లుగా గుడ్డ కోస్తున్నాను. రెండుసార్లు చూడనిదే కత్తెర కదలదు. ఆరోజు ఒక్కసారే ఎందుకు చూశాను? లేదని మళ్లీ అన్నాను. ఆ గొంతు నాది కానట్టే అనిపించింది.

జూన్ 18

అబద్ధమాడానా? నిజంగా తెలియదు.

జూన్ 24, ఆదివారం

అక్కకు కట్టు విప్పారు. చూపు బ్రహ్మాండంగా ఉందట. అయినా ఇకమీద ప్రతి ఆదివారం నీళ్లు నువ్వే వచ్చి కొట్టాలంది. క్షమించిందా, శిక్ష వేసిందా? బయలుదేరుతున్నాను.